షెడ్డులో ఆపిన నత్రజని ఎక్కడికి పోతుంది?

కోళ్ల ఫారం పక్కనో, పందుల ఫారం పక్కనో ఉండేవాళ్లను ఇబ్బంది ఏమిటని అడిగితే ముందు వాసన అంటారు, తర్వాత ఈగలు అంటారు. రెండూ నిజమే. కానీ ఈ ఫారాల వల్ల జరిగే నష్టాల్లో పెద్దవి ముక్కుకు తగలవు. నేలలోంచి బావిలోకి దిగే నైట్రేట్‌కు వాసన ఉండదు. చెరువులో నాచును పెంచే భాస్వరానికీ ఉండదు. వాతావరణాన్ని వేడెక్కించడంలో నైట్రస్ ఆక్సైడ్, వందేళ్ల లెక్కన, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు బలమైనది. పెంట చల్లిన పొలంలోంచి అది లేస్తున్నా గట్టు మీద నిలబడ్డ మనిషికి ఏమీ తెలియదు. అందుకే వాసన తగ్గింది కాబట్టి కాలుష్యం కూడా తగ్గిందనుకుంటే చాలాసార్లు పప్పులో కాలేసినట్టే.

పరిష్కారాలకు మాత్రం ఈ రంగంలో కొదవ లేదు. గాలిని కడిగే స్క్రబ్బర్లు, పెంట నిల్వ చేసే ట్యాంకులకు మూతలు, పెంటలో కలిపే ఆమ్లాలు, బయోగ్యాస్ ప్లాంట్లు, దాణాలో వేసే ఎంజైములు. ప్రతి దాని మీదా ఒక శాతం రాసి ఉంటుంది: ఇది 40 తగ్గిస్తుంది, అది 80 తగ్గిస్తుంది అని. ఆ అంకెలు చాలావరకు అబద్ధాలు కావు. చిక్కల్లా ఏమిటంటే, ఇవన్నీ ఒకే నత్రజనిని (అమ్మోనియా, నైట్రేట్, నైట్రస్ ఆక్సైడ్ అన్నీ దాని రూపాలే) దాని ప్రయాణంలో వేర్వేరు చోట్ల పట్టుకోవాలని చూస్తున్నాయి. షెడ్డులో ఆపితే అది ట్యాంకులోకి వస్తుంది. ట్యాంకులో ఆపితే పొలానికి వస్తుంది. చివరికి పొలంలో చల్లేటప్పుడు గాలికి వదిలేస్తే, అంతకుముందు పెట్టిన ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే. కాబట్టి ఏ యంత్రం కొనాలనే ప్రశ్న కంటే ముందు నత్రజని నడిచే దారి తెలియాలి.

పందికో లెక్క, కోడికో లెక్క

ప్రొటీన్‌లో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది. దాణా ద్వారా తిన్న నత్రజనిలో బ్రాయిలర్ కోడి సగం, మహా అయితే ఇంకాస్త ఎక్కువ ఒంట్లో నిలుపుకుంటుంది. పెరిగే పంది మూడో వంతు దగ్గరే ఆగిపోతుంది. మిగిలిందంతా బయటికి వస్తుంది. ఇక్కడి వరకు రెండూ ఒకటే. బయటికొచ్చాక దారులు వేరవుతాయి.

పంది నత్రజనిలో ఎక్కువ భాగం మూత్రంలో యూరియాగా వస్తుంది. ఆ యూరియాను అమ్మోనియాగా విరిచే యూరియేజ్ అనే ఎంజైమ్ మాత్రం పేడలోని బ్యాక్టీరియా దగ్గర ఉంటుంది. మూత్రం ఒక పక్క, పేడ ఒక పక్క ఉన్నంతసేపు పెద్దగా ఏమీ జరగదు. రెండూ కలిశాయంటే కొన్ని గంటల్లోనే అమ్మోనియా మొదలవుతుంది. పందుల షెడ్లలో నేల కింద గుంట ఉండి, పేడా మూత్రమూ అందులోనే కలిసి స్లర్రీగా నెలల తరబడి నిల్వ ఉండే పద్ధతి ప్రపంచమంతా మామూలే. అంటే రసాయన శాస్త్రం ఏది వద్దంటుందో సరిగ్గా అదే చేస్తున్నాం.

కోడికి వేరే మూత్రం లేదు. రెట్ట మీద కనిపించే తెల్లటి పూత యూరిక్ ఆమ్లం. అది అమ్మోనియాగా మారాలంటే సూక్ష్మజీవులు కావాలి, వాటికి తడి కావాలి, పైగా కొన్ని రోజుల టైం కావాలి. తడి లేకపోతే ఆ పని చాలావరకు ఆగిపోతుంది. కాబట్టి పందుల దగ్గర చేయాల్సింది వేరు చేయడం, చల్లగా ఉంచడం, గాలి తగిలే ఉపరితలం తగ్గించడం, త్వరగా బయటికి తీసేయడం. కోళ్ల దగ్గర చేయాల్సింది ఒక్కటే, పొడిగా ఉంచడం. ఒకదానికి పనికొచ్చిన పరికరాన్ని రెండోదానికి తగిలించి డబ్బు పోగొట్టుకునేది ఈ తేడా తెలియకే.

పొడిగా ఉందో లేదో చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు. షెడ్డులో నాలుగైదు చోట్ల పిడికెడు లిట్టర్ (నేల మీద పరిచిన పొట్టు, అందులో కలిసిన రెట్ట) తీసి గట్టిగా పిసకాలి. చెయ్యి తెరవగానే పొడిపొడిగా రాలిపోతే బాగున్నట్టు. ముద్దలా నిలబడితే తడి ఎక్కువైనట్టు. డ్రింకర్ల వరుస కింద తీసిన పిడికెడు దాదాపు ఎప్పుడూ మిగతా వాటికంటే తడిగానే ఉంటుంది. కోడి ముక్కుతో పొడిస్తే నీళ్లొచ్చే నిపుల్ కాస్త ఎత్తు తక్కువగా ఉన్నా, ప్రెషర్ ఎక్కువైనా, కోడి తాగేదాంట్లో కొంత కింద పడుతుంది. అక్కడ లిట్టర్ గడ్డకడుతుంది, గడ్డ కింద అమ్మోనియా ఊరుతుంది, ఆ గడ్డ మీద నిలబడ్డ కోడి పాదాలకు పుండ్లు పడతాయి. పుండ్లు పడ్డ కోడి తిండి తగ్గిస్తుంది. కాలుష్యం, కోడి బాధ, రైతు నష్టం ఒకే తడి మచ్చలోంచి పుడతాయి.

పెద్దగా ఎవరూ పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది: హీటర్లు. పిల్లల దశలో షెడ్డును వేడి చేయడానికి గ్యాస్ బర్నర్లను షెడ్డు లోపలే మండిస్తే, ఆ మంటలోంచి వేడితో పాటు నీటి ఆవిరి కూడా వస్తుంది. అంటే ఆరబెట్టాల్సిన చోటే తేమ పోస్తున్నాం. బయట మండించి వేడిని మాత్రమే లోపలికి పంపే పద్ధతిలో, బయటికి పోయే గాలి వేడిని లోపలికొచ్చే గాలికి ఇచ్చే హీట్ ఎక్స్‌చేంజర్లలో ఈ బాధ ఉండదు. ఇంధనమూ కలిసొస్తుంది. ఐరోపాలో కోళ్లను ఒత్తుగా పెంచే షెడ్లలో అమ్మోనియా 20 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 20 పాళ్లు) దాటకూడదని 2007 నాటి నియమం చెబుతుంది. అది కోళ్ల సంక్షేమం కోసం పెట్టిందే గానీ పర్యావరణం కోసం కాదు. కానీ లిట్టర్ పొడిగా ఉంటే రెండూ నెరవేరతాయి. గుడ్లు పెట్టే కోళ్లకైతే పని ఇంకా సులువు. రెట్ట కింది బెల్టు మీద పడుతుంది, దాని మీదికి గాలి కొట్టి ఆరబెట్టి వారానికి రెండుసార్లు బయటికి లాగేస్తే యూరిక్ ఆమ్లానికి విరిగే టైమే దొరకదు.

దాణా దగ్గరే మొదలు

ఇప్పటిదాకా చెప్పింది బయటికొచ్చిన నత్రజనిని పట్టుకోవడం గురించి. అసలు బయటికి రావాల్సిన నత్రజనినే తగ్గించడం ఇంకో దారి. నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది ఇదే, అందరూ తక్కువగా మాట్లాడేదీ ఇదే. బహుశా దీన్ని ఫోటో తీసి చూపించడం కష్టం కాబట్టి.

పందికైనా కోడికైనా నిజానికి కావాల్సింది ప్రొటీన్ కాదు, అందులోని అమైనో ఆమ్లాలు. తృణధాన్యాల దాణాలో పందికి మొదట కొరత పడేది లైసిన్, కోడికి మెథియోనిన్. ఆ ఒక్కటీ సరిపోవాలని సోయా పిండి ఎక్కువగా కలిపితే, మిగతా అమైనో ఆమ్లాలు అవసరానికి మించి పడతాయి. మిగిలిపోయిన వాటిని శరీరం దాచుకోదు, విరిచి నత్రజనిని పారబోస్తుంది. కొరత ఉన్న లైసిన్, మెథియోనిన్, థ్రియోనిన్, ట్రిప్టోఫాన్‌లను విడిగా తయారు చేసినవి కొద్దిగా కలిపి మొత్తం ప్రొటీన్ తగ్గిస్తే ఎదుగుదల తగ్గదు, పారబోత తగ్గుతుంది. దాణాలో ప్రొటీన్ ఒక శాతం పాయింటు తగ్గితే అమ్మోనియా సుమారు 10 శాతం తగ్గుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. మొదటి వారం తిన్న దాణానే చివరి వారం దాకా పెట్టకుండా, వయసుతో పాటు ప్రొటీన్ తగ్గిస్తూ పోవడం దీనికి తోడు.

ఈ తగ్గింపు గొప్పతనం ఏమిటంటే, తర్వాత ఎక్కడా తప్పించుకోదు. పుట్టని అమ్మోనియాను షెడ్డులో ఆపక్కర్లేదు, ట్యాంకులో మూసిపెట్టక్కర్లేదు, పొలంలో వెంటపడక్కర్లేదు.

భాస్వరం విషయమూ ఇంతే. గింజల్లోని భాస్వరంలో సుమారు మూడింట రెండొంతులు ఫైటిక్ ఆమ్లంలో బిగుసుకుని ఉంటుంది. దాన్ని విడదీసే ఫైటేజ్ అనే ఎంజైమ్ పందికీ కోడికీ సరిపడా లేదు. కాబట్టి ఉన్న భాస్వరం ఉన్నట్టే పెంటలోకి పోతుంది, కొరత తీర్చడానికి పైనుంచి ఖనిజ భాస్వరం వేరే కలపాల్సొచ్చేది. 1991లో ఫైటేజ్‌ను దాణాలో కలిపే పొడిగా అమ్మడం మొదలయ్యాక ఈ లెక్క మారింది. ఇప్పుడది దాదాపు ప్రతి పెద్ద దాణా మిల్లులోనూ మామూలు సరుకు. దీనికే కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో దారి వెతికారు. లాలాజలంలోనే ఫైటేజ్ తయారు చేసుకునేలా జన్యువు మార్చిన పందిని 1999లో పుట్టించి ‘ఎన్విరోపిగ్’ అని పేరు పెట్టారు. పంది బాగానే పనిచేసింది. కానీ దాన్ని మార్కెట్‌కు తీసుకెళ్లేవాళ్లు లేక 2012లో ప్రాజెక్టు ఆగిపోయింది. బస్తాలో చెంచాడు పొడి వేస్తే అయ్యే పనికి పందినే మార్చడం ఎందుకనే ప్రశ్నకు గట్టి జవాబు లేకపోయింది మరి.

ప్రొటీన్ తగ్గిస్తే ఇంకో మేలు. తల్లిపాలు మానిన పందిపిల్లలకు పేగుల్లో అరగని ప్రొటీన్ మిగిలితే విరేచనాలు పట్టుకుంటాయి. వాటిని ఆపడానికి మందు మోతాదులో జింక్ ఆక్సైడ్ దాణాలో కలిపేవాళ్లు. ఆ జింకు ఒంట్లో నిలవదు, పెంట ద్వారా పొలంలో చేరి ఏటికేడు పేరుకుంటుంది. ఐరోపా సమాఖ్య 2022 జూన్‌లో ఈ వాడకాన్ని ఆపేసింది. దాంతో పిల్లల దాణాలో ప్రొటీన్ తగ్గించడం పర్యావరణం మీద ప్రేమ లేనివాళ్లకు కూడా తప్పలేదు.

యంత్రాలు, ఆమ్లాలు, మూతలు

షెడ్డులో చేసే పనుల్లో ఖర్చు తక్కువవి చాలా మామూలువి: గుంట గోడలను ఏటవాలుగా కట్టి స్లర్రీ ఉపరితలం చిన్నదిగా చేయడం, నెలల తరబడి ఉంచకుండా వారానికోసారి ఖాళీ చేయడం, అడుగున చల్లటి నీటి గొట్టాలు వేయడం. చివరి పద్ధతిలో లాగిన వేడిని పందిపిల్లల గదికి పంపుకోవచ్చు.

డెన్మార్క్‌లో స్లర్రీలో సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపే పద్ధతి ఉంది. అమ్మోనియా గాలిలోకి పోవాలంటే విడి వాయువుగా ఉండాలి. నీటిలో పీహెచ్ (పులుపును కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 9 దగ్గర మూడో వంతుకు పైగా ఆ రూపంలో ఉంటే, 7 దగ్గర ఒక శాతం కూడా ఉండదు. 5.5కి దించితే పోవడానికి దాదాపు ఏమీ మిగలదు. ఆ పులుపులో మీథేన్ తయారు చేసే సూక్ష్మజీవులు కూడా మందగిస్తాయి. అయితే ఆమ్లాన్ని సరిగ్గా వాడకపోతే ప్రాణాంతకమైన హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడే ప్రమాదం ఉంది, అలాంటి స్లర్రీని బయోగ్యాస్ ప్లాంట్ల వాళ్లు ఇష్టపడరు.

స్క్రబ్బర్ అంటే షెడ్డులోంచి బయటికి పోయే గాలిని ఆమ్లపు నీటితో కడిగే యంత్రం. అమ్మోనియా అమ్మోనియం సల్ఫేట్‌గా మారి ఎరువుగా దొరుకుతుంది. కాగితం మీద దీనిదే అన్నిటికంటే పెద్ద శాతం. కానీ కరెంటు తింటుంది, ఆమ్లం తింటుంది, ఫిల్టర్లు మూసుకుపోతే గాలి ఆడక జంతువులు ఉక్కిరిబిక్కిరవుతాయి. నెదర్లాండ్స్‌లో వీటిని నమ్ముకుని పెద్ద ఎత్తున అనుమతులిచ్చారు. 2018లో అక్కడి పరిశోధకులు నడుస్తున్న ఫారాలకు వెళ్లి కొలిస్తే, వాసనతో పాటు అమ్మోనియానూ ఆపుతాయన్న రకాల పనితనం లైసెన్సులో రాసినదానికంటే బాగా తక్కువ తేలింది. ఈలోగా ఆ శాతాన్ని చూపించే ఫారాల్లో పందుల సంఖ్య పెరిగిపోయింది.

ట్యాంకు సంగతి చిన్నదే. మూత వేయాలి. గట్టి కప్పు మేలు, పైన తేలే చిన్న మట్టి ఉండలు ఆ తర్వాత, గడ్డితో సహజంగా కట్టే పొర ఇంకా తర్వాత.

బయోగ్యాస్‌కు ఉన్న పేరు కొంతే న్యాయం. గుంటలోంచి ఎలాగూ పోయే మీథేన్‌ను పట్టి మండించడం నిజమైన లాభం. కానీ ప్లాంటులోంచి వచ్చే మడ్డిలో నత్రజని అణువు కూడా తగ్గదు. పైగా అందులో ఎక్కువ భాగం అమ్మోనియం రూపంలోకి మారి, పీహెచ్ పెరిగి ఉంటుంది, అంటే మూత లేకపోతే, చల్లేటప్పుడు జాగ్రత్త పడకపోతే మామూలు స్లర్రీ కంటే సులువుగా ఎగిరిపోతుంది. కోడిపెంటను కరెంటు కేంద్రాల్లో కాల్చడం ఇంగ్లండ్‌లో 1992 నుంచి ఉంది. అందులో నత్రజని ఎరువుగా మిగలదు, భాస్వరం మాత్రం బూడిదలో దక్కి దూరప్రాంతాలకు లారీల్లో పంపడానికి వీలవుతుంది. భాస్వరం పేరుకుపోయిన ప్రాంతాలకు అది చిన్న విషయమేమీ కాదు.

పొలం దగ్గర అసలు పరీక్ష

స్లర్రీని గాలిలోకి చిమ్మి చల్లితే పోయే అమ్మోనియాలో ఎక్కువ భాగం మొదటి రోజే పోతుంది, అందులోనూ మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ. గొట్టాలతో నేల మీద వరుసల్లో పోస్తే నష్టంలో సుమారు మూడో వంతు తగ్గుతుంది. నేలను చీల్చి లోపలికి ఎక్కిస్తే 70 శాతానికి పైగా తగ్గించవచ్చు. మిషన్ లేనివాళ్లకు ఉన్న దారి, చల్లిన వెంటనే దున్నడం. రేపు దున్నుదాంలే అనుకుంటే చాలావరకు దున్నేది ఖాళీ నేలనే.

లోపలికి ఎక్కించినప్పుడు ఒక తిరకాసు ఉంది. గాలి ఆడని తడి నేలలో ఆ నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారే అవకాశం పెరుగుతుంది. అలాగని చిమ్మడమే మేలని కాదు. ఎగిరిపోయిన అమ్మోనియా కూడా ఇంకెక్కడో నేల మీద పడి అక్కడ ఇదే పని చేస్తుంది. దారిలో వాహనాల, ఫ్యాక్టరీల పొగలోని ఆమ్లాలతో కలిసి ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి ధూళిగా కూడా మారుతుంది. జవాబు, పైరుకు అవసరమైనప్పుడు, అవసరమైనంతే వేయడం.

‘అవసరమైనంత’ అన్న చోటే అసలు లెక్క బిగుస్తుంది. ఐరోపా సమాఖ్య 1991 నాటి నైట్రేట్ ఆదేశం, నైట్రేట్ ముప్పు ఉన్న ప్రాంతాల్లో పెంట ద్వారా హెక్టారుకు ఏడాదికి 170 కిలోల నత్రజని దాటకూడదంటుంది. 2017లో వచ్చిన అక్కడి నియమాల ప్రకారం ఒక మాంసపు పంది నిలబడే చోటుకు ఏడాదికి బయటికొచ్చే నత్రజని 7 నుంచి 13 కిలోల మధ్య ఉండాలి. పది కిలోలనుకుందాం. 2,000 పందుల ఫారానికి 20,000 కిలోలు.

ఇందులో 30 శాతం షెడ్డులో, ట్యాంకులో గాలికి పోతుందనుకుంటే పొలానికి వచ్చేది 14,000 కిలోలు, కావాల్సిన భూమి సుమారు 82 హెక్టార్లు, అంటే 200 ఎకరాల పైచిలుకు. ఇప్పుడు ఆ రైతు మూతలేసి, చల్లబరిచి, నష్టాన్ని 10 శాతానికి దించాడు. పొలానికి వచ్చేది 18,000 కిలోలు. కావాల్సిన భూమి 106 హెక్టార్లు, సుమారు 260 ఎకరాలు. గాలిని కాపాడినందుకు అతనికి దాదాపు 60 ఎకరాలు అదనంగా కావాల్సొచ్చింది! కారే కుండకు కంతలు పూడ్చితే కుండ నిండుతుంది, పొంగేది అప్పుడే. అదే రైతు దాణా మార్చి చోటుకు ఎనిమిదిన్నర కిలోలకు తెచ్చి, ఆ తర్వాత నష్టాన్ని 10 శాతంలో ఉంచితే 15,300 కిలోలు, 90 హెక్టార్లతో సరిపోతుంది. కొన్ని ఫారాల్లో ట్యాంకు మూతల మీద అంత ఉత్సాహం ఎందుకుండదో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

భాస్వరం దీన్ని ఇంకా ఇరుకు చేస్తుంది. కోడిపెంటలో నత్రజనితో పోలిస్తే భాస్వరం పైరుకు కావాల్సిన పాళ్ల కంటే చాలా ఎక్కువ. నత్రజని లెక్క చూసి పెంట వేస్తే భాస్వరం ప్రతి ఏడూ మిగిలిపోతుంది, నేలలో నిండుతుంది, వానతో కొట్టుకుపోతుంది. ఇంగ్లండ్, వేల్స్ మధ్య పారే వై నది పరీవాహకంలో సుమారు 2 కోట్ల కోళ్లు పెరుగుతున్నాయి. ఆ నది పచ్చబడటం మీద నడుస్తున్న గొడవంతా ఇదే. ఫ్రాన్స్ పందుల్లో సగానికి పైగా ఉన్న బ్రిటనీ తీరంలో నైట్రేట్ తిని పెరిగిన నాచు గుట్టలుగా ఒడ్డుకు కొట్టుకొస్తుంది. 2009లో అక్కడ కుళ్లుతున్న నాచులోంచి వచ్చిన హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ఒక గుర్రం చచ్చిపోయింది, దాని మీదున్న మనిషి స్పృహ తప్పాడు. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1995లో ఒక పందుల ఫారం స్లర్రీ చెరువు కట్ట తెగి 9 కోట్ల లీటర్లకు పైగా న్యూ నదిలోకి పోయింది. రెండేళ్లకు కొత్త చెరువుల మీద నిషేధం వచ్చింది. పాత చెరువులు మాత్రం అలాగే ఉండిపోయాయి.

ఈ మూడు చోట్లా జంతువులు ఒకే చోట ముద్దగా పేరుకున్నాయి. వాటి దాణా ఎక్కడెక్కడి నుంచో వస్తుంది, పెంట మాత్రం అక్కడే ఉండిపోతుంది. స్లర్రీలో తొంభై పాళ్లకు పైగా నీళ్లే, దాన్ని దూరం మోయడం గిట్టుబాటు కాదు.

కిలోకు ఎంత, ఊరికి ఎంత

ఒత్తుగా పెంచడాన్ని సమర్థించేవాళ్ల వాదనలో బలం లేకపోలేదు. బ్రాయిలర్ కిలో బరువు పెరగడానికి సుమారు 1.6 కిలోల దాణా చాలు. తక్కువ దాణా అంటే తక్కువ భూమి, కిలో మాంసానికి తక్కువ ఉద్గారాలు. కోడిమాంసం వల్ల వెలువడే వేడెక్కించే వాయువుల్లో సగానికి పైగా దాణా పండించడం దగ్గరే పుడతాయి కాబట్టి ఇది పెద్ద విషయమే. సోయా కోసం అడవి నరికిన నేల అందులో ఉంటే లెక్క మరీ పెరుగుతుంది. అయితే నది ‘కిలోకు’ లెక్క చూడదు. తన పరీవాహకంలో మొత్తం ఎంత పడిందో అదే చూస్తుంది. నెమ్మదిగా పెరిగే, బయట తిరిగే కోడి తన ఊరికి మేలు చేసి భూగోళానికి కాస్త ఎక్కువ బరువు కావచ్చు. ఒక పక్షం కిలో లెక్క చూపిస్తుంది, రెండో పక్షం ఊరి లెక్క చూపిస్తుంది, ఇద్దరూ నిజమే చెబుతూ ఏళ్లుగా వాదించుకుంటున్నారు. 2019లో నెదర్లాండ్స్ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం, ముందు ముందు నత్రజని తగ్గిస్తామన్న మాట మీద ఇప్పుడు అనుమతులివ్వడం కుదరదని తేల్చింది. అది ఊరి లెక్క గెలిచిన సందర్భం. రైతులు ట్రాక్టర్లతో రోడ్లెక్కారు, రాజకీయమే తలకిందులైంది.

నియమాలకు గీత ఎక్కడ గీయాలన్నది ఇంకో తగువు. ఐరోపాలో చాలాకాలం 40,000 కోళ్లు, 2,000 మాంసపు పందులు, లేదా 750 తల్లిపందులు దాటితేనే కాలుష్య అనుమతి కావాల్సొచ్చేది. 39 వేల దగ్గర ఆగే షెడ్డుకు ఆ బాధ లేదు. 2024 నాటి సవరణ పందులకూ, గుడ్లు పెట్టే కోళ్లకూ ఈ హద్దులు దించింది.

నాకు వీటన్నిటికంటే పెద్దదనిపించే చిక్కు కాంట్రాక్టు పెంపకంలో ఉంది. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, పెరిగిన కోడి కంపెనీది. షెడ్డు, కరెంటు బిల్లు, పెంట రైతువి. నత్రజనిని అన్నిటికంటే చవకగా తగ్గించే మీట దాణా ఫార్ములా, అది రైతు చేతిలో లేదు. అతని చేతిలో ఉన్నవి ఖరీదైనవి: మూత, హీటర్, స్క్రబ్బర్. ఇన్స్పెక్టర్ వచ్చేదీ, జరిమానా పడేదీ అతని గేటుకే.

దీన్ని సరిచేయడానికి కొత్త టెక్నాలజీ ఏమీ కనిపెట్టక్కర్లేదు. లోపలికి వచ్చిన దాణా ఎంత, దాంట్లో ప్రొటీన్ శాతం ఎంత, బయటికి పోయిన జంతువుల బరువు ఎంత, ఈ మూడు తెలిస్తే పెంటలోకి పోయిన నత్రజని తీసివేత లెక్కతో వచ్చేస్తుంది. ఐరోపా నియమాలు ఏటా ఈ లెక్కను ఒప్పుకుంటాయి కూడా. సెన్సర్లు అక్కర్లేదు, దాణా బిల్లులు, లోడు తూకం చీటీలు చాలు. ఆ బిల్లుల మీద కంపెనీ పేరుంటుంది కాబట్టి, అనుమతి పత్రం మీద కూడా రైతు పేరు పక్కన ఆ పేరు రాయమని అడగడం అన్యాయమేమీ కాదు.